మొగ దగ్గర ఎనిమిది ఫొటోలు

నేను తీసిన ఫొటోల మూలంగా ఒక బడిపంతులుగారి ఉద్యోగం ఊడేంత పనయింది. తీస్తున్నప్పుడు నాకా సంగతి తెలియదు. తెలియక చేసింది తప్పు కాదని చాలాకాలం నాకు నేనే వాదించుకున్నాను గాని, ఆ వాదన మీద నాకే అంత నమ్మకం లేదు. తెలుసుకోవడానికి కావలసినవన్నీ నా కళ్ళ ముందే ఉన్నాయి.

ముప్ఫైల్లో మాట. ఉప్పు గొడవలు చల్లారి రెండు మూడేళ్ళయి ఉంటుంది. ఏలూరులో నేను హైస్కూలు మాస్టర్ని. వారంలో అయిదు రోజులు లెక్కలు చెప్పేవాణ్ణి, ఆదివారం సాయంత్రం రీడింగు రూములో వాదించేవాణ్ణి. శకునాలు, ముహూర్తాలు, మడి, వితంతు వివాహం, గ్రహణం నాడు పచ్చడి జాడీ మీద దర్భలు, ఏదొచ్చినా సరే. ఎదుటి పక్షం ఎప్పుడూ ఒకరే, ఊళ్ళో పురాణం చెప్పే శాస్త్రిగారు. దసరా సెలవల తర్వాత ఒక ఆదివారం మా వాదం నాలుగు గంటలు సాగింది. చివరికి ఆయన గొంతు మిగిలింది, నా గొంతు పోయింది. ఇంటికొచ్చి మిరియాల పాలు తాగుతూ నిశ్చయించుకున్నాను: వచ్చే శని, ఆదివారాలు నోరు విప్పకూడదు. మనిషి అలికిడి లేని చోటికి పోవాలి.

చోటు అప్పటికే మనసులో ఉంది. కొల్లేరు నీళ్ళు ఉప్పుటేటి మీదుగా వెళ్ళి సముద్రంలో కలిసేచోటుని అక్కడివాళ్ళు మొగ అంటారు. మొగకి అటూ ఇటూ మైళ్ళ తరబడి ఇసుక. ఈ సంగతి నాకు చెప్పింది మండవల్లి అవతల, కొల్లేటి ఒడ్డున మిషను బడి నడిపే పంతులుగారు. ఆయన క్రైస్తవుడు. నెలకోసారి మా రీడింగు రూముకొచ్చి వెనక బెంచీ మీద కూచుని, అంతా విని, ఏమీ అనకుండా వెళ్ళిపోయేవారు. "ఒక్కసారి రండి మాస్టారూ. ఆకివీడు దాకా రైల్లో వస్తే, అక్కణ్ణించి నేను పడవలో తీసుకెళతాను. అక్కడ వాదించడానికి ఎవరూ ఉండరండి" అన్నారోసారి. చిన్న మనిషి. ఆ చివరి మాట అన్నప్పుడు కొంచెం నవ్వారు కూడా.

కెమెరా తాడేపల్లిగూడెం డాక్టరుది. వాడూ నేనూ ఒకే బెంచీ మీద చదువుకున్నాం. గూడెంలో ధాన్యం బస్తాలు మోసి నడుం పట్టేసినవాళ్ళకి మందిస్తూ, తీరిక ఉన్నప్పుడు డిస్పెన్సరీ వెనక చీకటి గదిలో ఫొటోలు కడుక్కునేవాడు. నేను వెళ్ళి అడిగితే ఆ నల్లపెట్టెని చంటిపిల్లని అందించినట్టు అందించాడు.

"ఎనిమిది బొమ్మలొస్తాయిరా. చూసి తియ్యి. దేన్ని తీస్తావు?"

"ఇసుకని."

"ఎనిమిదీ ఇసుకేనా? ఒక రోగిని పంపిస్తాను, మధ్యలో నిలబెట్టుకో."

"మనిషి ఉండకూడదనేరా వెళుతున్నది."

గురువారం పొద్దున్న ఆ పెట్టెని బల్ల మీద పెట్టుకుని, ఎండ ఏ వేళకి ఎటు పడుతుందో లెక్కలు వేసుకుంటుండగా, శనివారం వస్తున్నానని నేను రాసిన ఉత్తరానికి జవాబుగా పంతులుగారి కార్డు వచ్చింది. నాలుగే వాక్యాలు. ఈ శుక్రవారం నుంచి మూడు రోజులు గంగమ్మ జలకాలట. అమ్మవారు మొగ దగ్గర స్నానం చేస్తుందట. ఆ మూడు రోజులూ బయటివాళ్ళెవరూ అటు పోకూడదట. కాబట్టి పై వారం రావలసిందట.

రెండోసారి చదివాను. అమ్మవార్లు స్నానాలు చెయ్యడం నాకు కొత్త కాదు. కాని క్రైస్తవుడైన పంతులు గంగమ్మ జలకాలని కార్డు రాసి నన్ను ఆపడమేమిటి? మూడేళ్ళ పరిచయంలో ఆ జలకాల మాట ఒక్కసారైనా ఎత్తలేదేం? కార్డు మా ఆవిడకి చదివి వినిపించాను.

"అయితే మానెయ్యండి. ఆవిడ స్నానం చేస్తుంటే మీరు కెమెరా పట్టుకుని వెళ్ళడమేం మర్యాదండీ?" అంది.

"హాస్యం కాదు. ఇందులో ఏదో ఉంది."

"మీకు పెరుగు తోడుకోకపోయినా ఏదో ఉన్నట్టే ఉంటుంది లెండి."

ఆ పూటే కొల్లేటి చేపలు తెచ్చే ఆవిడ వీధి గుమ్మంలో తట్ట దించింది. అడిగాను.

"గంగమ్మ జలకాలా? ఆయ్, ఉన్నాయండి. మూడు రోజులండి" అంది వెంటనే. మరీ వెంటనే అంది.

"ఏ తిథికి చేస్తారు?"

"పెద్దోళ్ళు చెప్పినప్పుడండి."

"పోయినేడు ఏ నెలలో?"

"పోయినేడు లేవండి. వానల్లేవు కదండీ."

తిథి లేదు, నెల లేదు, వానలు లేకపోతే అమ్మవారికి స్నానమే లేదు. నా దగ్గర పంచాంగాలని తిట్టడానికి పెట్టుకున్న పంచాంగాలే అయిదున్నాయి. దేంట్లోనూ ఈ జలకాలు లేవు. ఎవడో ఒక ఊరిపెద్ద కొత్తగా ఒక పండగ పుట్టించాడు. కల్లుకో కోడికో దారి చేసుకున్నాడు. మెతక మనిషి పంతులు ఊళ్ళో బతకాలి గనక తలూపాడు. ఇలా కట్టుకుంటూ పోయాను కథని. ఇప్పుడు తలుచుకుంటే ఆవిడ నాకు నిజమంతా చెప్పేసింది. వానలు అంది. ఆ వారమే తమ్మిలేరు పొంగి మా వీధి చివర మెట్లు మునిగాయి. ఆ నీళ్ళన్నీ కొల్లేట్లోకే పోతాయని మా బడిలో నాలుగో ఫారం వాళ్ళకి కూడా తెలుసు.

పంతులుగారికి జవాబు రాయలేదు. శుక్రవారం బడి వదలగానే రైలెక్కి, నిడదవోలులో మారి, నరసాపురం వెళ్ళాను. వాళ్ళ ఊరు తగలకుండా సముద్రం వైపు నుంచి పోతే ఎవరూ ఆపరని నా ఎత్తు. సత్రంలో పడుకుని తెల్లవారకముందే బండి కట్టించాను. బండివాడు మంచి మాటకారి. గంగమ్మ జలకాల సంగతి అడిగితే ఎద్దుల్ని అదిలించడం మానేసి వెనక్కి తిరిగాడు.

"ఈ రోజుల్లోనాండీ? మా అమ్మోరు జాతర చైత్రంలో కదండీ. తవఁరికెవరు చెప్పారు?"

"కొల్లేటివాళ్ళు."

"వాళ్ళకీ మా సముద్రానికీ ఏంటండీ సంబంధం?"

ఈ ప్రశ్న నాకెంతో నచ్చింది. పుస్తకంలో రాసుకున్నాను.

బండి దిగి మొగలి పొదల మధ్య నుంచి నడిచి పైకెక్కేసరికి సూర్యుడు బెత్తెడు పైకొచ్చాడు. ఇసుక అంత ఉంటుందనుకోలేదు. రాత్రి గాలికి ఇసుక మీద మడతలు పడ్డాయి. ఉతికి ఆరేసిన పంచె గాలికి ముడుచుకున్నట్టు, ఒకదాని వెనక ఒకటి, కంటికి ఆనినంత దూరం. ప్రతి మడతకీ ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ. పీతలు బొరియల్లోంచి తొంగిచూసి, నన్ను చూసి, వెంటనే లోపలికి పోయేవి. నా అడుగులు పడని వైపు చూసుకుని కెమెరా పొట్టకి ఆనించి, ఊపిరి బిగబట్టి, మొదటి బొమ్మ తీశాను. అంత సంతోషం ఎన్నాళ్ళకి కలిగిందో. ఇక రెండు రోజులు ఎవరితోనూ ఒక్క మాటా లేదు. మధ్యాహ్నం అటుకులు తిని పొద నీడలో పడుకోవచ్చు. సాయంత్రం నీడలు సాగినప్పుడు ఇంకో బొమ్మ తీయొచ్చు. రేపంతా అలాగే.

అప్పుడు పడమటి నుంచి గాలి తిరిగింది. చాలామంది గొంతులు కలిపి అరుస్తున్న అరుపు. ఒకడు ఎత్తుకుంటుంటే మిగతావాళ్ళు అందుకుంటున్నారు.

వంగుని పొదల చాటున నడిచాను. అరమైలు పోయాక మొగ కనిపించింది. ఏటి నోటికి అడ్డంగా పెద్ద ఇసుక మేట. దానికి లోపలి పక్కన యాభై అరవై దోనెలు లాగి పెట్టి ఉన్నాయి, తాటి మొద్దులు తొలిచి చేసే కొల్లేటి దోనెలు. మేట మీద వందమందికి తక్కువ కాకుండా జనం, చేతుల్లో పారలు, నెత్తిన తట్టలు. ఒక ముసలాయన ఇసుకలో పాలు పోసి, కొబ్బరికాయ కొట్టి, పసుపు చల్లి, మొదటి పార వేశాడు. తర్వాత అందరూ తవ్వడం మొదలెట్టారు.

దొరికారు, అనుకున్నాను. అమ్మవారికి స్నానాల గుంట తవ్వుతున్నారు! వందమంది కూలి మానుకుని, చేలు వదులుకుని, సముద్రం పక్కన గుంట! నీళ్ళకి కరువొచ్చినట్టు! మొగలి ముళ్ళు చొక్కా చీరేస్తున్నా ముందుకి పాకి బొమ్మ తీశాను. రెండోది, మూడోది. నాలుగోదానికి కెమెరా ఎత్తినప్పుడు, నడుంలోతు గుంటలో పంచె ఎగ్గట్టి, తలకి తువాలు చుట్టి, అందరికంటే జోరుగా పార వేస్తున్న చిన్న మనిషి ఇటు తిరిగాడు. పంతులుగారు. నన్ను చూడలేదు. మొహం నిండుగా ఎండ పడింది. తీశాను.

మధ్యాహ్నానికి ఎనిమిదీ అయిపోయాయి. అటుకుల మాట మరిచిపోయాను. ఆఖరి బొమ్మ తీసేసరికి గుంట పొడుగై సముద్రం వైపు పోతోంది, అందులోకి నీళ్ళు దిగుతున్నాయి, జనం కేకలేస్తున్నారు. అమ్మవారు దిగిందన్నమాట, అనుకుని వెనక్కి తిరిగాను. కూడబెట్టుకున్న ప్రశాంతత ఆ క్షణానే పోయింది. రైల్లోనే ఈ జలకాల మీద ఒక వ్యాసానికి మొదటి నాలుగు పేరాలు రాసేశాను. గూడెంలో దిగి ఫిల్ము డాక్టరుకిచ్చి, మళ్ళీ రైలెక్కి ఏలూరు చేరాను. ఆదివారం సాయంత్రం, ఎవరితోనూ మాట్లాడనని ఒట్టు పెట్టుకున్న ఆదివారం, రీడింగు రూములో నిలబడి గంటసేపు మాట్లాడాను. కొల్లేటి గంగమ్మ స్నానాన్ని నేను కెమెరాలో పట్టాననీ, పై ఆదివారం అందరికీ చూపిస్తాననీ ప్రకటించాను. ఒక్క మంచి పని చేశాను: పంతులుగారి మాట ఎత్తలేదు. ఫొటో చూపించినప్పుడు ఎత్తాలని దాచుకున్నాను. దాన్ని మంచి పని అనకూడదేమో.

సభ అయ్యాక ముందు వరసలో కూచున్న పెద్దమనిషి ఒకాయన నా దగ్గరికొచ్చారు. కాలవల డిపార్టుమెంటులో సూపర్వైజరు. ఎప్పుడూ రాని మనిషి.

"చాలా బాగా సెలవిచ్చారండీ. నాకూ ఈ మూఢాచారాలంటే గిట్టదండీ" అన్నారు.

"సంతోషం."

"ఆ ఫొటోలు ముందుగా ఒకసారి చూడొచ్చాండీ? మనుషులు తెలిసేలా పడ్డాయాండీ?"

పై ఆదివారమే అన్నాను. నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. మనుషులతో ఈయనకేం పని అన్న అనుమానం అప్పుడు తగిలింది నాకు. మూఢాచారాలు గిట్టనివాడు ఆచారం గురించి అడగాలి గాని, మొహాల గురించి ఎందుకడుగుతాడు?

బుధవారం డాక్టరు స్వయంగా వచ్చాడు. ప్రింట్లు బల్ల మీద పరిచి, జేబులోంచి భూతద్దం తీశాడు.

"మొదటిది అద్భుతంగా వచ్చిందిరా. ఇసుక మడతలు లెక్కపెట్టొచ్చు. మిగతావాటి గురించి నువ్వేమనుకుంటున్నావు?"

"స్నానాల గుంట."

"ఒరేయ్, ఇంత పొడుగు తొట్టి కావాలంటే మీ గంగమ్మ ఎంత మనిషై ఉండాలి?" అని ఆఖరి బొమ్మ మీద అద్దం పెట్టాడు. "గుంటకి రెండు చివరలూ మూసుంటాయి. దీనికి మూసి లేవు. చూడు, నీళ్ళు ఎటు పోతున్నాయి? సముద్రంలోంచి ఇటా, ఏట్లోంచి అటా?"

అద్దంలో చూశాను. ఇసుక మీద నల్లటి చార ఒకటి. దానంచున నురగ. ఒకడి చేతిలోంచి జారిన తట్ట సముద్రం వైపు కొట్టుకుపోతోంది.

"గండి కొట్టారు. ఏరు మూసుకుపోతే కొల్లేరు ఎక్కడికి పోతుంది? పొలాల్లోకి పోతుంది. నా దగ్గరికొచ్చే రోగులకి కూడా తెలుసురా ఇది" అన్నాడు డాక్టరు.

నేను కూచున్నాను. వాడు భూతద్దం జేబులో పెట్టుకుంటూ ఇంకో సంగతి చెప్పాడు. సర్కారు అనుమతి లేకుండా మొగ దగ్గర మేట తవ్వితే శిక్ష అని కిందటి నెల టముకు వేశారట, గూడెంలో ఎవరో చెప్పుకుంటుంటే విన్నాడట. నాకు సూపర్వైజరుగారి ప్రశ్న అప్పుడు అర్థమయింది.

మర్నాడు బడి నుంచి వచ్చేసరికి పంతులుగారు మా అరుగు మీద కూచుని ఉన్నారు. మా ఆవిడ ఇచ్చిన మజ్జిగ ముట్టుకోలేదు. అరచేతులకి బొబ్బలు.

"మీకు అబద్ధం రాశానండి, మాస్టారూ" అన్నారు లేచి నిలబడి.

"కూచోండి. గంగమ్మని కనిపెట్టింది మీరేనా?"

"మా ఊరి పెద్దాయనండి. లస్కరు ఒకడుంటాడండి మొగకి కాపలా. వాడికి డిపార్టుమెంటన్నా భయం లేదు, మేమన్నా భయం లేదు, గంగమ్మంటే భయమండి. వెళ్ళడానికి ఒక రోజు, తవ్వడానికి ఒక రోజు, రావడానికి ఒక రోజు. అందుకని జలకాలు మూడు రోజులండి. మేట తవ్వించమని నాలుగు అర్జీలు రాశానండి నేనే. పరిశీలనలో ఉందని జవాబు. వేసంగిలో ఉప్పునీరు ఎగదన్నుతుందని వాళ్ళ భయం. అది నిజమేనండి. కానీ వేసంగి నాటికి సముద్రమే దాన్ని పూడ్చేస్తుందండి. చేలు మేం తవ్వేనాటికే కంకి దాకా మునిగినయ్యి."

"ఆ మాట నాకే రాయొచ్చుగా! నేను వచ్చేవాణ్ణా అప్పుడు?"

ఆయన తలొంచుకున్నారు. అరచేతి బొబ్బల వంక చూసుకుంటూ అన్నారు.

"మీరు మంచివారండి. కాని మీకు తెలిసింది మీ దగ్గర నిలవదండి. ఆదివారం నాటికి అందరికీ తెలిసిపోద్ది."

తలుపు వెనక నుంచి మా ఆవిడ, "అది మాత్రం నిజమండీ" అంది.

నాకు కోపం వచ్చింది. కోపంలో అడిగాను: "మీరు క్రైస్తవులు కదా. పాలు పోసి, పసుపు చల్లి... మీకు గంగమ్మంటే భయం లేదూ?"

"నాకు మా బడి మేనేజరుగారంటే భయమండి. బడికి గ్రాంటు ఇచ్చేది సర్కారు. సర్కారు వద్దన్న పని చేశానని ఒక్క కాగితం వస్తే, మర్నాటికి నేనుండనండి. నలుగురు పిల్లలు. మా అమ్మకి కళ్ళు లేవు." ఆగి, "ఫొటో తీశారని లస్కరు చెప్పాడండి. వాడూ పొదల్లోనే ఉన్నాడట. అమ్మవారిని చూద్దామని" అన్నారు.

ఆ ఫొటోలు ఇచ్చెయ్యమని ఆయన అడుగుతారని చూశాను. అడగలేదు. మజ్జిగ గ్లాసు అలాగే వదిలి చెప్పులేసుకుని వెళ్ళారు. వీధి మలుపు తిరిగేదాకా చూశాను. నాది చెడ్డ అలవాటు. ఒకసారి అబద్ధం చెప్పినవాడు రెండోసారీ చెప్పొచ్చు కదా అనిపించింది. పంచుకునే కూలీ ఏదైనా ఉందేమో, పెద్ద రైతులెవరైనా వెనకున్నారేమో. శుక్రవారం చేపలావిడ వస్తే ఏమీ తెలియనట్టు అడిగాను, ఊళ్ళో నీళ్ళెలా ఉన్నాయని.

"మూరెడు తీసినయ్యండి. మా ఇంటెనక చేలో కంకులు బయటపడ్డాయి. పడుకున్నాయి గానండి, కుళ్ళలేదు" అంది. ఆ రోజు ఎన్నడూ లేనిది, బేరం ఆడకుండా అడిగినంతకి ఇచ్చి వెళ్ళిపోయింది.

శనివారం గూడెం వెళ్ళి డాక్టరుతో కూచున్నాను.

"కడిగేటప్పుడు నా చేతిలో చెడిపోయాయని చెప్పు. నాకేం పరువు తక్కువ?" అన్నాడు.

"అబద్ధం."

"అయితే చూపించు."

"చూపించను."

"ఈ రెండిట్లో ఒకటి చెయ్యాలి గదరా."

నా వల్ల ఆ రెండూ కావు. ఇరవయ్యేళ్ళుగా జనం ముందు నిలబడి రుజువు చూపించండి, చూపించండి అని అరిచినవాణ్ణి. నా చేతిలో రుజువుంది. దాన్ని చూపిస్తే మునిగేది మూఢత్వం కాదు, నలుగురు పిల్లలవాడు. నెగటివులు డాక్టరు దగ్గరే ఉంచి, ఖాళీ ఇసుక ఫొటో ఒక్కటీ జేబులో పెట్టుకుని వచ్చాను.

ఆదివారం రీడింగు రూములో నిలబడ్డానికి చోటు లేదు. శాస్త్రిగారు శాలువా కప్పుకుని వచ్చారు. సూపర్వైజరుగారు ముందు వరసలో, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని. పంతులుగారు రాలేదు. నేను ఫొటో ఇచ్చాను, చేతులు మారుతూ పోయింది.

"ఇసుకండీ ఇది" అన్నారెవరో.

"ఇసుకే" అన్నాను.

"మిగతావాండీ?" అన్నారు సూపర్వైజరుగారు. గొంతు మెత్తగా ఉంది.

"ఉన్నాయి. చూపించను."

అందరి వైపూ చూసి అన్నాను: "నేను పోయినవారం పొరపాటు మాట్లాడాను. మూఢాచారమని దేన్నయితే అన్నానో అది మూఢాచారం కాదు. నాకు తెలియక అన్నాను. క్షమించండి. ఇంతకు మించి చెప్పను."

శాస్త్రిగారు మెల్లిగా లేచారు. ఆయన మొహం చూస్తే ఇరవయ్యేళ్ళుగా ఆ నిమిషం కోసమే బతికినట్టుంది. "మూఢాచారం కాదన్నారు. విన్నారుగా? అయితే మరి ఏం కనబడిందండీ తమరికి?"

"చెప్పనండీ."

"గంగమ్మ కాదని చెప్పండి, చాలు."

ఆ మాట చెప్పొచ్చు. నిజమే గనక చెప్పొచ్చు. కాని కాదన్న మరుక్షణం, మరి వందమంది అక్కడేం చేస్తున్నారని రెండో ప్రశ్న వస్తుంది. నాకంటే ఆ వరస ఎవరికి బాగా తెలుసు? నేనే నేర్పాను ఆ గదిలో అందరికీ. నోరు మూసుకున్నాను. శాస్త్రిగారు సభ వైపు తిరిగి చేతులెత్తి నమస్కరించారు. నాక్కాదు, అమ్మవారికి. వెనక బెంచీల్లో ఎవరో "అమ్మా!" అన్నారు.

అందరూ వెళ్ళాక సూపర్వైజరుగారు ఫొటోని దీపం దగ్గర పట్టుకుని చాలాసేపు చూశారు. "ఇసుక బాగుందండీ. ఇక్కడికి గండి ఎంత దూరమండీ?" అన్నారు.

గండి అన్న మాట నేను ఆ గదిలో ఎన్నడూ అనలేదు.

"ఏ గండి అండీ?"

"ఏదో, మాటవరసకి లెండి." ఫొటో నా చేతిలో పెట్టి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. ఆయన రుజువు కోసం వచ్చారో, రుజువు లేదని నమ్మకం కుదుర్చుకోవడానికి వచ్చారో నాకు ఈనాటికీ తెలియదు. ఎన్నోసార్లు ఆ మొహం గుర్తు తెచ్చుకుని చూశాను, రెండు రకాలుగానూ కనిపిస్తుంది. కొల్లేటి ఊళ్ళకి మాత్రం ఏ కాగితమూ రాలేదు. పంతులుగారు బడిలోనే ఉన్నారు. ఆ ఏడు పంట సగం దక్కింది.

నాకు మిగిలింది ఊరి గుసగుస. నాస్తికుడికి అమ్మవారు కనిపించిందట. ఫొటో తీస్తే కళ్ళు చెదిరాయట. ఆ బొమ్మలు ఇనప్పెట్టెలో పెట్టి రోజూ దీపం పెడుతున్నాడట. బడిలో తోటి మాస్టర్లు నన్ను చూసి నవ్వు ఆపుకునేవారు. మా ఆవిడ మాత్రం, "పోనిద్దురూ, మీరు ఊరుకున్నారని మొదటిసారి విన్నాను నేను" అంది.

కార్తీకమాసంలో ఒకరోజు ఏలూరు స్టేషన్లో గూడెం బండి కోసం నిలబడ్డాను. ఒక పెద్దావిడ, పట్టుచీర, చేతిలో పూల సజ్జ, నన్ను ఎగాదిగా చూసి దగ్గరికొచ్చింది.

"మీరేనా బాబూ, అమ్మని చూసింది?"

"నేను ఇసుక చూశానమ్మా. అంతే."

"చెప్పకూడదులే, తెలుసు" అని నవ్వింది. ఆవిడ నన్ను నమ్మలేదు. నమ్మవలసిన పనీ లేదు, నేను దాస్తూనే ఉన్నాను. "వచ్చే ఏడు ఆ జలకాలకి మా వీధి ఆడవాళ్ళందరం పడవ కట్టించుకుని వెళ్దామనుకుంటున్నాం. ఆ మూడు రోజులూ అక్కడే వండుకుని, అమ్మ స్నానం కళ్ళారా చూసి వస్తాం. మీరు దారి చెప్పాలి, బాబూ."

నా కళ్ళ ముందు మొగ కనిపించింది. మేట మీద పారలు, గుంటలో పంతులుగారు, ఒడ్డున హారతి పళ్ళేలతో ఏలూరు ఆడవాళ్ళు, వాళ్ళ వెనక పోలీసులు.

బండి కూత వినిపించింది. పక్కన నిలబడ్డ ఇద్దరు ముగ్గురు కూడా నా మొహంలోకి చూస్తున్నారు.

"వద్దమ్మా. ఆ మూడు రోజులూ అటు ఎవరూ వెళ్ళకూడదు" అన్నాను.

"ఎందుకు బాబూ?"

"అమ్మవారికి కోపం వస్తుంది."

ఆవిడ కొంగు తల మీదికి లాక్కుని, చెంపలు వేసుకుంది.